స్విచ్ వేసినవాడి మాట

మన ఇళ్ళల్లో ఏ వస్తువు పాడైనా మొదట వినబడే ప్రశ్న ఒకటే: "చివర్న ముట్టుకున్నదెవరు?" మిక్సీ ఆగిపోతే వంటింట్లో ఉన్నవాళ్ళు, ఫోను చచ్చిపోతే దాన్ని చార్జింగ్‌కి పెట్టినవాళ్ళు, బండి స్టార్ట్ కాకపోతే నిన్న సాయంత్రం తీసుకెళ్ళినవాళ్ళు దొరికిపోతారు. విచారణ అక్కడితో ముగుస్తుంది. చాలాసార్లు ఈ లెక్క సరిపోతుంది కూడా. సరిపోనప్పుడు ఏం జరుగుతుంది, ఎవరికి జరుగుతుంది అన్నదే ఇక్కడ నా ప్రశ్న.

నేను హైదరాబాద్‌లో సర్క్యూట్ బోర్డులు పరీక్షించే ఉద్యోగం చేస్తాను. "ఆన్ చేశాం, పోయింది" అనే రిపోర్టు నా టేబుల్ మీదికి తరచూ వస్తుంటుంది. అందులో ఉన్నవి రెండే సంగతులు. ఆన్ చేయడం ఒకటి, పోవడం ఇంకొకటి. వాటి మధ్య 'అందుకే' అన్న మాట మనం పెట్టుకున్నది. ఆ చిన్న మాట ఒక మనిషి మీద ఎంత బరువు వేయగలదో బాన్సువాడలో ఒక రిపేరు షాపులో కూర్చున్నప్పుడు చూశాను.

అక్కడికి వెళ్ళే ముందు ఆ వస్తువు గురించి నాలుగు మాటలు చెప్పాలి. 24 వోల్టుల బ్యాటరీ నుంచి 5 వోల్టుల కెమెరా నడపాలంటే రెండు దార్లున్నాయి. మిగిలిన 19 వోల్టుల్నీ వేడి రూపంలో తగలేయడం మొదటిది. పాతకాలం 7805 లాంటి రెగ్యులేటర్లు చేసేది అదే, అందుకే వాటిని ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. రెండో దారి స్విచింగ్ రెగ్యులేటర్. సెకనుకి లక్షలసార్లు స్విచ్ వేసి ఆర్పుతూ, తునకలుగా వచ్చిన కరెంటుని ఒక కాయిల్‌తోనూ కెపాసిటర్‌తోనూ సాపు చేసి ఇస్తుంది. వేలిగోరంత చిప్పు, దాని చుట్టూ నాలుగైదు విడిభాగాలు, మొత్తం కలిపి ఒక తపాలా బిళ్ళంత మాడ్యూల్. ప్లాస్టిక్ కవర్లో వేసి అమ్ముతారు. మన ఊళ్ళ ఎలక్ట్రానిక్స్ షాపుల్లో డబ్బాలకొద్దీ ఉంటాయి.

బాన్సువాడ కామారెడ్డి జిల్లాలో ఉంది. నిజాంసాగర్ కాలువ కింద వరి పండే ప్రాంతం. కాలువ అందనిచోట బోర్లు. చేన్లకి అడవి పందుల బెడద. ఈమధ్య కొందరు రైతులు చేను దగ్గర ఒక సోలార్ ప్లేటు, రెండు బ్యాటరీలు, ఒక కెమెరా పెట్టుకుంటున్నారు. నా చిన్ననాటి దోస్తు నడిపే షాపుకి అలాంటి రైతు ఒకాయన వచ్చాడు. అరవై దాటిన మనిషి. మాడ్యూల్ పోయిందని రావడం అది మూడోసారి.

"ఎర్రది ఎర్రదానికే పెట్టిన బిడ్డా. నల్లది నల్లదానికే. వైరు ముట్టియ్యంగనే టిక్కుమన్నది, అంతే."

"కాకా, ఉల్టా పెట్టినవ్. ఇంకోటి కానే కాదు. నీ ముందటనే నడిపిచ్చి సూపిచ్చిన గద, మంచిగ లేకుండెనా?"

"మంచిగనే ఉండె. మరి ఆడికి పోంగనే ఏమైతున్నది? నాకు కండ్లు కనవడ్తలెవ్వనుకున్నవా?"

నా దోస్తు చెడ్డవాడు కాదు. అతను అన్నది వట్టి మాట కూడా కాదు. అతని చేతిలో మూడు ఆధారాలున్నాయి. మొదటిది అనుభవం: ఇలా తిరిగొచ్చే మాడ్యూళ్ళలో ఎక్కువ భాగం ప్లస్సు మైనస్సు తారుమారు చేసినవే. రెండోది పరీక్ష: అమ్మే ముందు ప్రతి మాడ్యూల్‌నీ బెంచి మీద 24 వోల్టులిచ్చి నడిపి చూపిస్తాడు. మూడోది ఎదురుగా ఉన్న శవం: చిప్పు నెత్తిన సూదిమొనంత కన్నం, ఇన్‌పుట్ రెండు కాళ్ళ మధ్య షార్టు. ఉల్టా పెడితే ఇట్లాగే చస్తుంది. అనుభవం, పరీక్ష, శవం మూడూ ఒకే మనిషిని వేలెత్తి చూపిస్తున్నాయి. ఏ కోర్టయినా ఇంతకంటే ఏం అడుగుతుంది?

కాకని ఒకటే అడిగాను, రేపు ఆ బ్యాటరీలూ ఆ వైరూ ఉన్నవి ఉన్నట్టు తీసుకురాగలడా అని. పొద్దున్నే ఆటోలో వేసుకొచ్చాడు. రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరుసగా కలిపినవి, ఆరు మీటర్ల వైరు చుట్ట. మా ముందే, ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి ముట్టించాడు. టిక్. కొత్త మాడ్యూల్ పోయింది.

షాపులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఆ తర్వాత పని సులువే. చచ్చిన చిప్పుని వేడి గాలితో ఊడదీసి, మిగతా భాగాలు బోర్డు మీదే ఉంచి, నా సంచీలో ఉన్న చిన్న ఆసిలోస్కోపు దానికి తగిలించాం. బ్యాటరీ మళ్ళీ ముట్టించాం. బ్యాటరీ 25 వోల్టులు. తెర మీద గీత 25 దగ్గర ఆగలేదు. 44 దాకా ఎగిసి, కిందికి పడి, నాలుగైదు ఊపులు ఊగి, అప్పుడు 25 దగ్గర స్థిరపడింది. ఆ ఎగిసిన శిఖరానికి పట్టిన కాలం పదిహేను మైక్రోసెకన్లు. ఆ చిప్పు ఎంపీ1584. దాని డేటాషీట్ ప్రకారం పని చేయించదగ్గ హద్దు 28 వోల్టులు, ఎట్టి పరిస్థితిలోనూ దాటకూడని హద్దు 30.

ఇది ఎందుకు జరుగుతుందో చెప్పడానికి కూరగాయల కొట్లో వేలాడే పాత స్ప్రింగు కాటా చాలు. రెండు కిలోల వంకాయలు మెల్లగా పెడితే ముల్లు రెండు దగ్గరికొచ్చి ఆగుతుంది. అవే వంకాయల్ని పళ్ళేనికి ఆనించి ఒక్కసారిగా చెయ్యి వదిలేస్తే, ముల్లు దాదాపు నాలుగు దాకా పోయి, వెనక్కొచ్చి, ఊగి ఊగి రెండు దగ్గర నిలబడుతుంది. బరువు మారలేదు, వదిలిన తీరు మారింది. పొడుగాటి వైరులో కరెంటుకి అలాంటి ఊపే ఉంటుంది, దాన్నే ఇండక్టెన్స్ అంటాం. మాడ్యూల్ ఇన్‌పుట్ దగ్గరి సిరామిక్ కెపాసిటర్ స్ప్రింగు లాంటిది. ఆ సిరామిక్ కెపాసిటర్ మంచి రకం, లోపల నిరోధం దాదాపు లేనిది. చిక్కు అక్కడే. ఊపుని ఆపే రాపిడి ఎక్కడా లేదు కాబట్టి వోల్టేజి రెట్టింపు దాకా పోగలదు.

ఇప్పుడు ఆ మూడు ఆధారాల దగ్గరికి మళ్ళీ వెళ్దాం.

బెంచి మీది పరీక్ష ఎందుకు ప్రతిసారీ పాసైంది? అక్కడ వైరు మూరెడు. సప్లైకి కరెంటు హద్దు పెట్టి ఉంది. నా దోస్తు జాగ్రత్తపరుడు గనక నాబ్‌ని సున్నా నుంచి మెల్లగా 24కి తిప్పుతాడు. చేను దగ్గర ఆ చిప్పుని చంపేది ఏదో, బెంచి మీద సరిగ్గా అది ఒక్కటే లేదు. పరీక్ష ఎంత జాగ్రత్తగా చేస్తే నిజం అంత దూరం పోయింది. శవం సంగతి సరేసరి. ఉల్టా పెట్టి చంపినా, వోల్టేజి మించి చంపినా కన్నం అదే కన్నం, షార్టు అదే షార్టు. చావు ఎట్లా ఉందో కనిపిస్తుంది, ఎట్లా వచ్చిందో కనిపించదు. మల్టీమీటరు సెకనుకి రెండు మూడుసార్లు లెక్క చూపిస్తుంది. పదిహేను మైక్రోసెకన్లలో జరిగిన హత్య దానికి జరగనట్టే.

అనుభవం మాత్రం తేలిగ్గా కొట్టెయ్యలేని ఆధారం. పదిమందిలో ఎక్కువమంది ఉల్టా పెట్టినప్పుడు, పదకొండో మనిషిని కూడా అలా అనుకోవడం తప్పా? నా దోస్తు నన్నే అడిగాడు. "నువ్వయితే ఏమనుకుందువు?" నేను కూడా మొదట పోలారిటీనే చూసేవాణ్ణి. సంభావ్యత మనకి ఎక్కడినుంచి వెతకడం మొదలుపెట్టాలో చెబుతుంది. వెతకడం ఎప్పుడు ఆపాలో చెప్పే అధికారం దానికి లేదు. పది మంది చేసిన తప్పు పదకొండో మనిషి చేసినట్టు రుజువు కాదు. మొదటిసారి "ఉల్టా పెట్టావేమో, చూసుకో" అనడం సలహా. మూడోసారి, ఆ మనిషి కళ్ళలోకి చూసి చెబుతున్నప్పుడు కూడా అదే మాటంటే అది తీర్పు.

ఆ తీర్పు తప్పయితే నష్టం ఎవరికి? మూడు మాడ్యూళ్ళ డబ్బు కాకది. ఆటో కిరాయి, పోయిన పూట, పందులు తొక్కిన మడి కాకవి. తీర్పు చెప్పినవాడి జేబులోంచి రూపాయి పోలేదు, పైగా మూడు మాడ్యూళ్ళు అమ్ముడుపోయాయి. దీన్నించి ఒక సూత్రం లాంటిది తీయవచ్చనుకుంటాను: నీ పొరపాటు ఖర్చు ఎదుటివాడు భరించేచోట, నువ్వు వెతకాల్సిన దూరం పెరుగుతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ సాయంత్రం నా దోస్తే అన్నాడు: "ఇదే మాట నువ్వు వచ్చి చెప్తే ఒక్కసారికే నమ్ముదును." మిరాండా ఫ్రికర్ అనే తత్వవేత్త 2007లో వచ్చిన పుస్తకంలో ఈ రకం అన్యాయానికి ఒక పేరు పెట్టింది. మనిషి ఎవరన్నదాన్ని బట్టి అతని సాక్ష్యానికి విలువ తగ్గించడం ఆస్తినో హక్కునో లాక్కోవడం కంటే వేరైన నష్టమని, ఆ మనిషిని 'తెలిసినవాడు' అనే హోదా నుంచే దించేయడమని ఆమె వాదన. కాక ముప్పై ఏళ్ళుగా త్రీ ఫేజ్ మోటారుకి స్టార్టరు బిగించుకుంటున్న మనిషి. ఫ్యూజు పోతే తనే వేసుకుంటాడు. రెండు రంగుల వైర్ల దగ్గర మాత్రం అతని కళ్ళ మీద అనుమానం వచ్చింది. గళ్ళ తువ్వాల భుజం మీద వేసుకుని వచ్చినందుకే ఆ అనుమానం అంత తొందరగా వచ్చిందేమో.

సరే, కాక కాదు. మరి కారణం ఏది? వైరా, కెపాసిటరా, చిప్పా, బ్యాటరీయా?

కారణం అన్న మాట గురించి మనవాళ్ళు చాలా పట్టుదలగా ఆలోచించారు. పదిహేడో శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం ఇప్పటికీ న్యాయశాస్త్రానికి మొదటి పాఠ్యపుస్తకం. బట్టకి దారాలు ఒక రకం కారణం, దారాల కలయిక ఇంకో రకం, మగ్గం మూడో రకం అని అందులో విడదీసి చెబుతాడు. నైయాయికుల జాగ్రత్త అంతా ఒకచోట కనిపిస్తుంది: ముందు జరిగిందల్లా కారణం కాదు. కుమ్మరి కుండ చేయడానికి ముందు మట్టి మోసుకొచ్చిన గాడిద ఉంది. అది ప్రతిసారీ ముందే వచ్చినా సరే, కుండకి గాడిద కారణం కాదు. మట్టి బండి మీద వచ్చినా కుండ తయారయ్యేది. "చివర్న ముట్టుకున్నదెవరు" అనే మన ఇంటి ప్రశ్న చాలాసార్లు గాడిదనే పట్టుకుంటుంది. వైరు ముట్టించింది కాక చెయ్యి కాకపోయి నా చెయ్యయినా, ఒక రిలే అయినా ఆ చిప్పు అట్లాగే పోయేది.

పడమటి వైపు జె. ఎల్. మాకీ 1965లో రాసిన వ్యాసంలో ఉదాహరణ కూడా కరెంటుదే: ఇల్లు తగలబడింది, షార్ట్ సర్క్యూట్ కారణమని నిపుణులు తేల్చారు. షార్ట్ సర్క్యూట్ ఒక్కటే ఇంటిని తగలెయ్యలేదు, పక్కన అంటుకునే సామాను ఉండాలి, మంటని ఆర్పే ఏర్పాటు లేకపోవాలి. అది లేకుండానూ ఇల్లు వేరే విధంగా తగలబడవచ్చు. అయినా ఆ రోజు కూడిన పరిస్థితుల గుంపులో అది తప్పనిసరి భాగం. మనం 'కారణం' అని పిలిచేది సాధారణంగా ఇలాంటి గుంపులోంచి ఏరుకున్న ఒక భాగాన్ని. ఏరేది మనమే. దేన్ని ఏరుకుంటామన్నదాంట్లో మన సౌకర్యం, మన అలవాటు, మన భయం అన్నీ ఉంటాయి.

కాక చేను దగ్గర కూడిన గుంపుని చూడండి. ఆరు మీటర్ల వైరు తప్పు కాదు, బ్యాటరీ నీడలో ఉండాలి, కెమెరా గట్టు మీద ఉండాలి. సిరామిక్ కెపాసిటర్ తప్పు కాదు, అది లేకుండా ఆ చిప్పు సరిగ్గా పనిచేయదు. 30 వోల్టుల చిప్పు తప్పు కాదు, 24 వోల్టుల పనికి కాగితం మీద సరిపోతుంది. ఒక్కొక్కటీ విడిగా ఒప్పే. అవన్నీ ఒకే క్షణంలో కలిసినప్పుడే ఆ 44 వోల్టులు పుట్టాయి.

ఈ రకం కాలడం ఊళ్ళకి కొత్త కాదు, ఇంకా పెద్ద కొలతలో తెలుసు. తెలంగాణలో వ్యవసాయానికి 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు వచ్చింది. అంతకుముందు విడతలవారీగా, చాలాసార్లు అర్ధరాత్రి వచ్చేది. ఆ చీకట్లో, తడి గట్ల మీద, పాముల మధ్య నడిచివెళ్ళి స్విచ్ వేయలేక రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు రాగానే మోటారు దానంతటదే నడుస్తుంది. ఇండక్షన్ మోటారు మొదలయ్యే క్షణంలో మామూలుకంటే అయిదారు రెట్లు కరెంటు గుంజుతుంది. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లన్నీ ఒకే క్షణంలో లేస్తే దాని మీద పడే బరువెంతో ఊహించుకోవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయేది. ఎవరు కాల్చినట్టు? ఏ ఒక్క రైతూ తప్పు చేయలేదు. పాముకి భయపడటం తప్పెలా అవుతుంది? అయినా కాలింది. అప్పుడు చందాలు వేసుకుని, దాన్ని ట్రాక్టర్ మీద ఎక్కించుకుని రిపేరుకి తీసుకెళ్ళేది ఆ రైతులే.

నాకు ముఖ్యంగా కనిపించేది ఆ చందా. తప్పు ఎవరిదీ కాకపోయినా బాధ్యత మిగిలే ఉంటుందని, దాన్ని పంచుకోవచ్చని ఆ ట్రాక్టర్ చుట్టూ నిలబడ్డవాళ్ళకి తెలుసు. తప్పు వెనక్కి చూస్తుంది, చేసినవాణ్ణి వెతుకుతుంది. బాధ్యత ముందుకి చూస్తుంది, చేయగలిగినవాణ్ణి వెతుకుతుంది. "అందరూ కారణమైతే ఎవరూ దోషి కారు కదా" అని తేలిగ్గా చేతులు దులుపుకునేవాళ్ళు ఈ రెండింటినీ కలిపేస్తున్నారు. మాడ్యూల్ విషయంలో దోషి ఎవరూ లేకపోవచ్చు. చేయగలిగినవాళ్ళు మాత్రం ఉన్నారు.

ఎందుకంటే ఇది ఎవరికీ తెలియని సంగతి కాదు. లీనియర్ టెక్నాలజీ అనే అమెరికన్ కంపెనీ 2001లో 88వ నంబరు అప్లికేషన్ నోట్ వేసింది, రాసింది గోరన్ పెరికా. విషయం సరిగ్గా ఇదే: సిరామిక్ ఇన్‌పుట్ కెపాసిటర్లున్న సర్క్యూట్‌కి వైరు హఠాత్తుగా తగిలిస్తే వోల్టేజి ఎంత ఎగురుతుంది, దాన్ని ఎలా అణచాలి. బొమ్మలతో, కొలతలతో ఉంది. మా రంగంలో చాలామంది చదివిన కాగితం. అది ఇంగ్లీషులో ఉంది. చిప్పు డిజైన్ చేసినవాళ్ళ దాకా వచ్చింది, మాడ్యూల్ కట్టినవాళ్ళ దాకా వచ్చిందో రాలేదో, ప్లాస్టిక్ కవర్లోకి మాత్రం రాలేదు. కవర్లో ఒక చీటీ ముక్క కూడా ఉండదు. వస్తువు బాన్సువాడ దాకా వచ్చింది, దాని గురించిన తెలివి మధ్యలో ఎక్కడో దిగిపోయింది. తెలివి ఆగిపోయినచోట నింద మొదలవుతుంది. అది ఎప్పుడూ కిందికే పారుతుంది: కంపెనీ నుంచి షాపుకి, షాపు నుంచి కొన్నవాడికి. చివర్న నిలబడ్డ మనిషికి దాన్ని తోయడానికి ఇంకెవరూ ఉండరు.

మందు చాలా చవక. ఆ సిరామిక్ పక్కన ఒక మామూలు ఎలక్ట్రొలిటిక్ కెపాసిటర్ పెట్టడమే, 100 మైక్రోఫారడ్‌లు, 63 వోల్టులది. దాని లోపల కాస్త నిరోధం ఉంటుంది. పుస్తకాల్లో దాన్ని లోపం కింద రాస్తారు. ఇక్కడ ఆ లోపమే రాపిడిగా పనిచేసి ఊపుని మింగేస్తుంది. పెట్టి కొలిస్తే శిఖరం 29కి దిగింది. అది కూడా అంచే, మధ్యాహ్నం ఎండలో సోలార్ ప్లేటు బ్యాటరీని 28 దాటించే సమయంలో ముట్టిస్తే చాలదు. అందుకని నా దోస్తు 40 వోల్టుల దాకా పనిచేసే ఎల్ఎం2596 మాడ్యూల్‌కి మార్చి, దానికీ ఆ కెపాసిటర్ తోడిచ్చి పంపాడు. డబ్బు తీసుకోలేదు. ఆ షాపులో పరీక్ష కూడా మారింది. ఇప్పుడు మూలన ఆరు మీటర్ల వైరు చుట్టా, రెండు బ్యాటరీలూ ఉంటాయి. నాబ్‌తో మెల్లగా తిప్పి చూపించడం అయ్యాక, ఒకసారి మొరటుగా ముట్టించి చూస్తాడు.

ఆ మొరటు పరీక్ష ఒక మర్యాద అని నాకనిపిస్తుంది. మన బెంచి మీద బాగుంది కాబట్టి ఎదుటివాడి చేను దగ్గర కూడా బాగుండాలి అనుకోవడం మానేసి, వాడి చేను దగ్గర ఉన్నట్టే మన బెంచిని మార్చుకోవడం. మనుషుల విషయంలో ఇది ఇంకా కష్టం. "నాకు ఆ ఆఫీసులో పని వెంటనే అయ్యిందే", "నాతో ఆయన బాగానే మాట్లాడతాడే", "ఆ పరీక్ష అంత కష్టమేం కాదే" అని మనం రోజూ చెప్పే మాటలన్నీ మూరెడు వైరుతో చేసిన పరీక్షలే. మనకి కరెంటు ఎప్పుడూ మెల్లగా ఎక్కింది, అందుకే మనం కాలలేదు.

పదిహేను మైక్రోసెకన్లలో జరిగేదాన్ని చూడగల పరికరం ప్రతి షాపులో ఉండదు, ప్రతి ఇంట్లో అసలే ఉండదు. అక్కడ నిలబడి ఉన్న మనిషి మాత్రం ఉంటాడు. "సరిగ్గానే పెట్టాను, ముట్టియ్యంగనే పోయింది" అని చెబుతాడు. అతని మాట తప్పు కావచ్చు, ఆసిలోస్కోపు కూడా ఒక్కోసారి తప్పు చూపిస్తుంది. అయితే ఆసిలోస్కోపు వింతగా ఏదైనా చూపిస్తే ముందు దాన్ని తిట్టం. ప్రోబు సరిచూసుకుని, ఇంకోసారి ముట్టించి చూస్తాం.